మరిది కోసం నొక్కిన బ్రేకు

మా అక్క గురించి ఎవరైనా "పాపం, చాలా మంచిది" అంటే నాకు ఒళ్ళు మండుతుంది. మంచిదే, కాదనను. మధ్యలో ఆ "పాపం" ఎందుకు? ఇరవై ఏళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని, స్టీరింగ్ చూస్తేనే చెమటలు పట్టేవాళ్ళని రోడ్డు మీదికి పంపిన మనిషి. ఆ మనిషి కార్ల పోటీలకు వెళ్ళి ఒక లైసెన్సు తెచ్చుకోవడానికి ఎన్ని మాటలు పడిందో నేను దగ్గరుండి చూశాను. నేను ఆసుపత్రిలో నర్సుని. రక్తం చూస్తే కంగారు పడను గానీ, అన్యాయం చూస్తే మాత్రం నా బీపీ నేనే చూసుకోవాల్సి వస్తుంది.

ముందు ఆ రెండో బ్రేకు సంగతి చెప్పాలి. నేర్పే కారులో రెండు బ్రేకులుంటాయి. ఒకటి నేర్చుకునేవాళ్ళ కాలి కింద, రెండోది పక్కన కూర్చున్న అక్క కాలి కింద. వాళ్ళు తప్పు చేశాక నొక్కితే ఆ బ్రేకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. చెయ్యబోతున్నారని కనిపెట్టి నొక్కాలి. భుజం బిగుసుకుంటోందా, చూపు పక్కకి పోతోందా, ఊపిరి ఆగిందా అని గమనిస్తూ ఉండాలి. ఇన్నేళ్ళలో అక్క కుడికాలికి అది ఎంత అలవాటైపోయిందంటే, బస్సులో కూర్చున్నా డ్రైవరు తరఫున నేలని నొక్కుతూనే ఉంటుంది. నా స్కూటర్ వెనక కూర్చుంటే మలుపు మలుపుకీ నా మడమ తొక్కేస్తుంది. నేనెన్నిసార్లు తిట్టినా ఆ కాలు మాత్రం మాట వినలేదు.

ఇక అక్క మరిది. ఇంట్లో అందరూ చిన్నోడు అంటారు. నలభైకి దగ్గర పడ్డాడు, నడినెత్తి మెరుస్తోంది, ఇంకా చిన్నోడే. మొబైల్ ఫోన్ల దుకాణం నడుపుతాడు. వాడికి కారు నేర్పింది మా అక్కే. వాడికొక జబ్బుంది. గేరు తగ్గించేటప్పుడు తల వంచి గేరు రాడ్డు వంక చూస్తాడు. తలతో పాటు చెయ్యి కూడా వంగి, బండి పక్కకి జారుతుంది. అక్క డాష్‌బోర్డు మీద అరచేత్తో కొట్టి, "రోడ్డు ముందుంది, నీ ఒళ్ళో లేదు" అని మూడు నెలలు అరిచింది. జబ్బు తగ్గింది గానీ పోలేదు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో అందరం భోజనానికి కూర్చున్నాం. చిన్నోడు ఏదో క్లబ్బు పేరున్న చొక్కా వేసుకుని వచ్చి, పాత రన్‌వే మీద కార్ల పోటీలకు వెళ్తున్నానని గంట సేపు కోతలు కోశాడు. అత్తగారు, అంటే అక్క అత్తగారు, తినడం మానేసి కొడుకునే చూస్తూ కూర్చుంది. అక్క వడ్డిస్తూ వడ్డిస్తూ ఆగి అడిగింది.

"అక్కడికి ఎవరైనా రావచ్చా?"

"ఎవరైనా రావచ్చు. ఏం, చూడ్డానికి వస్తావా?"

"నడపడానికి."

చిన్నోడు నవ్వు ఆపుకోలేకపోయాడు. "నువ్వు పక్క సీటు మనిషివి వదినా. పోటీ కారులో పక్క సీటు పీకేస్తారు. ఎక్కడ కూర్చుంటావు?"

అత్తగారు నవ్వింది. చివరికి మా బావ కూడా నవ్వాడు. ఎవరి మీద ఎక్కువ కోపం వచ్చిందని నన్నడిగితే బావ మీదే అంటాను. పెళ్ళాన్ని పట్టుకుని తమ్ముడు అంత మాటంటే మజ్జిగ పోసుకుంటూ నవ్వుతాడా? నేను కంచం తోసేసి లేవబోయాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసి నొక్కి, "పీకేస్తే మంచిదేలే, బరువు తగ్గుతుంది" అని చిన్నోడికి ఇంకో గరిటె వడ్డించింది.

వంటింట్లో గిన్నెలు సర్దుతూ నాతో మాత్రం వేరేగా మాట్లాడింది. "ఇన్నేళ్ళు కారులోనే ఉన్నానే. ఒక్కసారి కూడా నా బండి ఎంత వెళ్ళగలదో అంతా నడిపి చూడలేదు. ఎప్పుడూ ఎవరో ఒకరు వణుకుతూ నడుపుతుంటే ఆపడమే నా పని. నాకూ ఒకసారి వెళ్ళాలని ఉంది."

"వెళ్ళు. ఎవడాపుతాడు?" అన్నాను. ఆ మాట అన్న పాపానికి రెండేళ్ళు నా సెలవులన్నీ ఆ రన్‌వే మీద టైర్లలో గాలి చూడ్డానికే సరిపోయాయి.

సరదా పోటీలని పేరే గానీ అక్కడున్నన్ని నియమాలు మా ఆపరేషన్ థియేటర్లో కూడా లేవు. అందులో ఉండేవాళ్ళు టీచర్లు, దుకాణదారులు, బ్యాంకు ఉద్యోగులు, ఒక పళ్ళ డాక్టరు. ముందు క్లబ్బులో చేరాలి. తర్వాత డాక్టరు దగ్గర కళ్ళు, గుండె, రక్తపోటు చూపించుకోవాలి. ఆ డాక్టరు అక్కని పైకీ కిందకీ చూసి, "ఈ వయసులో ఇదంతా అవసరమా అమ్మా?" అన్నాడు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన మనిషికి జాతకం చెప్పడం ఈ డాక్టర్లకి ఎవరు నేర్పారో నాకు తెలీదు. అన్నీ సరిగ్గా ఉన్నాయి కాబట్టి నోరు మూసుకుని సంతకం పెట్టాడు.

ఆ తర్వాత ఒక రోజంతా పాఠం. క్లబ్బులో ముఖ్య పరిశీలకుడు ఒకాయనున్నాడు, ఎప్పుడూ తెల్ల టోపీ పెట్టుకునే ఉంటాడు, అందరూ తెల్లటోపీ అనే అంటారు. కొత్తవాళ్ళకి పాఠం చెప్పేదీ, పోటీలో తప్పొప్పులు తేల్చేదీ ఆయనే. కొత్తవాళ్ళందర్నీ పొద్దున్నే ట్రాకు మీద కాలినడకన తిప్పాడు. ఎక్కడ బ్రేకు వెయ్యాలి, ఎక్కడ మలుపు తిరగాలి, తారు ఎక్కడ పగిలింది, అన్నీ చూపించాడు. జెండాల గురించి చెప్పాడు. పసుపు ఊపితే ముందు ప్రమాదం, ఎవర్నీ దాటకూడదు. నీలం ఊపితే వెనక నీకంటే వేగంగా ఎవరో వస్తున్నారు. ఎరుపైతే పోటీ ఆగిపోయినట్టు. నల్లది చూపిస్తే నువ్వేదో వెధవ పని చేశావు, పక్కకొచ్చి సంజాయిషీ చెప్పు. అక్కకి అవి ఒక్కసారి వినగానే వచ్చేశాయి.

కారు సంగతి వేరు. డ్రైవింగ్ స్కూలు వాళ్ళు పక్కన పెట్టేసిన పాత నేర్పే కారునే అక్క తీసుకుంది. షెడ్డులో వెనక సీట్లు, తివాచీ, తలుపుల లోపలి అట్టలు, అన్నీ ఊడదీశారు. పక్క సీటు పీకేశారు, దాని ముందున్న రెండో బ్రేకు పీకేశారు. బండి బోల్తా కొట్టినా పైకప్పు నెత్తి మీద పడకుండా లోపల ఇనప గొట్టాల పంజరం వెల్డింగ్ చేశారు. మనిషిని కదలనివ్వని సీటు, భుజాల మీదుగా తొడల మధ్య నుంచి వచ్చే బెల్టులు, నిప్పు ఆర్పే సీసా, బయటి నుంచి కరెంటు కట్ చేసే మీట. నిప్పంటుకోని తొడుగు మగవాళ్ళ కొలతల్లోనే దొరికింది, కాళ్ళ దగ్గర రెండు మడతలు పెట్టి కుట్టాను. మొదటిసారి తనిఖీకి వెళ్తే హెల్మెట్ లోపల ముద్రలో తేదీ దాటిపోయిందని వెనక్కి పంపించారు. రెండోసారి బ్యాటరీ పట్టీ వదులుగా ఉందన్నారు. అక్క ఒక్కసారీ విసుక్కోలేదు. "వాళ్ళు చూసేది మన ప్రాణం కోసమే కదే" అనేది. విసుగంతా నాకే మిగిల్చింది.

అన్నిటికంటే నాకు కడుపు మండింది కారు వెనక అంటించిన బోర్డు చూసి. కొత్తగా వచ్చినవాళ్ళని గుర్తుపట్టడానికి పసుపు అట్ట మీద నల్ల ఇంటూ గుర్తు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో అందరి నెత్తినా "నేర్చుకుంటున్నారు" అనే బోర్డు పెట్టిన మనిషికి ఈ అట్ట. దీన్ని పీకెయ్యాలంటే లైసెన్సు రావాలి. దానికో కార్డిచ్చారు, అందులో ఆరు గళ్ళు. పోటీ పూర్తిచేసి, ఎవరికీ ప్రమాదం తేకుండా నడిపారని తెల్లటోపీ ఒప్పుకుంటే ఒక గడిలో సంతకం. ఆరు గళ్ళూ నిండితే లైసెన్సు. మధ్యలో ఒక్క గడిలో ఎర్ర గీత పడిందంటే ఆ కార్డు చెత్తబుట్టలోకి, మళ్ళీ మొదటి నుంచి. అప్పటికి చిన్నోడికీ లైసెన్సు రాలేదు. వాడి కార్డూ అక్క కార్డూ పక్కపక్కనే మొదలయ్యాయి.

మొదటి పోటీలో అక్క ఏం చేసిందో చెబితే నవ్వుతారు, నవ్వండి, నేనూ నవ్వాను. ఒక కారుని దాటాలి. అద్దంలో చూసుకుంది, ఇండికేటర్ వేసింది, నాలుగు టిక్కులు కొట్టాక పక్కకి వెళ్ళి దాటింది. దాటాక రెండో వైపు ఇండికేటర్ వేసి మళ్ళీ తన వరసలోకి వచ్చింది. క్లబ్బు క్లబ్బంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజు నుంచి అక్క పేరు ఇండికేటర్ మేడమ్. చిన్నోడైతే దుకాణానికి వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. తర్వాతి పోటీకి ఆ తీగ కత్తిరించేశాను.

ఇండికేటర్ తీగ కత్తిరించినట్టు కుడికాలిని కత్తిరించలేం కదా. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. అక్క తన మలుపు కోసం బ్రేకు బాగానే వేసేది. కానీ ముందు పోయే బండి కొంచెం తడబడితే చాలు, ముందుగానే కాలు కదిలిపోయేది. తెల్లటోపీ ఒకసారి అడిగాడు.

"ఎవరి కోసం బ్రేకు వేస్తున్నారమ్మా మీరు?"

"వాళ్ళు జారబోతున్నారు సార్."

"జారబోతున్నారు. ఇంకా జారలేదు. జరిగినదానికి వెయ్యండి. జరగబోయేదానికి వేస్తే వెనకొచ్చేవాడు మిమ్మల్ని గుద్దుతాడు."

అక్క తలాడించింది. కారెక్కాక మళ్ళీ మామూలే. అయినా కింద నుంచి రెండో స్థానంలోనో మూడో స్థానంలోనో పోటీలు పూర్తిచేస్తూ, ఒక్కో సంతకం తెచ్చుకుంటూ, సీజను చివరికి ఐదు గళ్ళు నింపుకుంది. ఆరోది ఒక్కటే మిగిలింది. చిన్నోడికీ అంతే.

ఆ ఆరో పోటీ రోజు పొద్దున తనిఖీలో ఒక చిన్న సంగతి జరిగింది. నేను కారు లోపల ముందువైపు ఒక కెమెరా పెట్టాను, అక్క తర్వాత చూసుకుని నేర్చుకుంటుందని. తనిఖీ ఆయన దాన్ని వేలితో కదిపి, "టేపుతో అంటిస్తే కుదరదు. ఊడి మొహానికి తగులుతుంది. బోల్టుతో బిగించండి, లేదా తీసెయ్యండి" అన్నాడు. బోల్టు లేదు. తీసేశాను. ఆ బోల్టు కోసం ఊరంతా తిరిగి ఉండాల్సింది, తిరగలేదు.

పోటీ సగం అయ్యింది. రన్‌వే చివర, వేగం మీద వచ్చి ఒక్కసారిగా తగ్గించి తిరగాల్సిన మలుపుంది. పాత విమానాల షెడ్డు పక్కనే కాబట్టి షెడ్డు మలుపంటారు. ముందు చిన్నోడు, వెనక అక్క, అక్క వెనక పళ్ళ డాక్టరు. నేను గోడ దగ్గర నిలబడి ఎన్ని చుట్లు మిగిలాయో చూపించే పలక పట్టుకుని చూస్తున్నాను. అక్క బండి వెనక లైట్లు వెలగాల్సిన చోటు కంటే చాలా ముందే ఎర్రగా వెలిగాయి. పళ్ళ డాక్టరు అక్కని తప్పించబోయి గడ్డిలోకి పోయాడు. సరిగ్గా అప్పుడే చిన్నోడి బండి అడ్డంగా తిరిగి, అక్క ముందు నుంచి ట్రాకు ఈ చివర నుంచి ఆ చివరకి జారుకుంటూ పోయి, ఎలాగో నిలదొక్కుకుని, మళ్ళీ దారిన పడింది. అక్క బ్రేకు వెయ్యకపోతే వాడి తలుపులోకి దూసుకెళ్ళేది. అది నాకు గోడ దగ్గర నుంచి కూడా తెలుస్తోంది.

పోటీ అయ్యాక ముగ్గుర్నీ ఆఫీసు గదికి పిలిచారు. సాయానికి వచ్చినవాళ్ళు కూడా రావచ్చు కాబట్టి నేనూ వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. పళ్ళ డాక్టరు మంచివాడే, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "ఆవిడ ఉన్నట్టుండి బ్రేకు వేశారు. ఎందుకో నాకు కనపడలేదు" అన్నాడు. మలుపు దగ్గర జెండా పట్టుకున్న మనిషి కూడా అదే చెప్పాడు. ముందు మేడమ్ బ్రేకు, తర్వాత ఆ బండి జారడం. వరస అదే, అబద్ధం కాదు.

తెల్లటోపీ అక్క వైపు తిరిగాడు. "ఎందుకు వేశారు?"

"మా మరిది తల వంచాడు సార్. హెల్మెట్ కిందికి దిగడం వాడి బండి వెనకద్దంలోంచి కనపడింది. గేరు తగ్గించేటప్పుడు తల వంచితే వాడి బండి జారుతుంది. నేనే నేర్పాను, నాకు తెలుసు."

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. తెల్లటోపీ నవ్వలేదు. చిన్నోడి వైపు చూశాడు. "నీ బండి జారిందా? అదుపు తప్పావా?"

ఇప్పుడు వాడు చెయ్యాల్సింది ఒక్కటే. అవును సార్, జారాను, వదిన ఆగింది కాబట్టి బతికాను, అని చెప్పాలి. చెబితే అదుపు తప్పినందుకు వాడి ఆరో గడిలో ఎర్ర గీత పడుతుంది. వాడు తన కార్డు వంక చూసుకున్నాడు, అక్క వంక చూడలేదు.

"లేదు సార్. బండి నా చేతిలోనే ఉంది. కావాలనే వెడల్పుగా తిప్పాను. వదిన కంగారు పడింది. కొత్త కదా."

అరికాలి మంట నెత్తికెక్కడమంటే ఏమిటో నాకా రోజు తెలిసింది. "అబద్ధం" అని అరిచాను. సాయానికి వచ్చినవాళ్ళు మాట్లాడకూడదని నన్ను బయటికి పంపించారు. కిటికీలోంచి చూస్తే అక్క చేతులు కట్టుకుని నిలబడే ఉంది. వాడి మొహంలోకి చూస్తోంది, వాడు చేతి తొడుగులు సర్దుకుంటున్నాడు. తెల్లటోపీ ఎర్ర పెన్ను తీశాడు. వాడి కార్డులో సంతకం, అక్క కార్డులో గీత.

ఆ రాత్రి భోజనాల దగ్గర చిన్నోడి లైసెన్సు అందరి చేతులూ తిరిగింది. నేను ఊరుకోలేదు. జరిగింది జరిగినట్టు వాడి మొహం మీదే చెప్పాను. వాడు తేలు కుట్టిన దొంగలా కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. మాట్లాడింది అత్తగారు.

"వాడికొచ్చిందని మీ అక్కచెల్లెళ్ళు కళ్ళల్లో నిప్పులు పోసుకోకండి. దానికి రాకపోతే వాడేం చేస్తాడు?"

"బావా, నువ్వేమంటావు?" అన్నాను.

బావ చేతులు కడుక్కుంటూ, "ఇద్దరూ మనవాళ్ళే కదా" అన్నాడు. ఆ మాటతో ఆయన ఎన్ని ఇబ్బందులు దాటేశాడో లెక్కలేదు. ఆయన నీళ్ళ చెంబు లాక్కుని గోడకేసి కొట్టాలనిపించింది. చివరికి నా కోపం అక్క మీదికే తిరిగింది.

"నువ్వెందుకు మాట్లాడవే? ఆ గదిలో గట్టిగా అడగొచ్చు కదా, నా మొహం చూసి చెప్పరా అని."

"అడిగేదేముంది? వాడికి తెలుసు, నాకు తెలుసు."

"తెల్లటోపీకి తెలీదుగా. కార్డు ఆయన దగ్గరుంది."

అక్క మర్నాడు పొద్దున్నే క్లబ్బుకి వెళ్ళి కొత్త కార్డు తెచ్చుకుంది, ఆరు గళ్ళూ ఖాళీగా.

రెండో ఏడాది నేను చూసిన అక్క వేరు. అందరికంటే ముందే ప్రాక్టీసుకి వెళ్ళి, కావాలని తడబడేవాళ్ళ వెనకే నడిపేది. ముందున్నవాళ్ళు అటూ ఇటూ ఊగినప్పుడల్లా హెల్మెట్ లోపల ఒకటే మాట అనుకునేదట, "నాది కాదు, నాది కాదు" అని. ముందువాడి తప్పు నాది కాదు. నా బ్రేకు నా మలుపుకే. ఆ మాట అలా అనుకుంటూ కాలిని యాక్సిలరేటర్ మీద అదిమిపెట్టి ఉంచేది. ఇంటికొచ్చాక పిక్క పట్టేసి కుంటుతుంటే నేను నూనె రాసేదాన్ని. మర్నాడు మళ్ళీ స్కూల్లో పక్క సీట్లో కూర్చుని, వణికే కాలేజీ పిల్లల కోసం అదే కాలితో ముందుగానే నొక్కాలి. ఒకే కాలికి వారంలో ఆరు రోజులు ఒక బుద్ధి, ఏడో రోజు ఇంకో బుద్ధి. నాకది చూస్తుంటే బాధగానూ ఉండేది, అసహ్యంగానూ ఉండేది. తప్పు చేసినవాడు హాయిగా పసుపు బోర్డు లేని బండిలో తిరుగుతున్నాడు. సరిదిద్దుకుంటున్నది ఈవిడ.

చిన్నోడు మాత్రం ప్రాక్టీసుకి రావడమే మానేశాడు. లైసెన్సొచ్చాక ఇంకా నేర్చుకునేదేముందట. అక్క ఎదురుపడితే, "ఈసారైనా కంగారు పడకు వదినా" అని అందరి ముందూ అనేవాడు. చెప్పిన అబద్ధాన్ని వాడే నమ్మేసినట్టున్నాడు.

మళ్ళీ ఐదు గళ్ళు నిండాయి. మళ్ళీ ఆరో పోటీ. ఈసారి కుటుంబం మొత్తం చూడ్డానికి వచ్చింది, అక్క కోసం కాదు, చిన్నోడికి కప్పు వస్తుందని. అత్తగారికి నీడలో కుర్చీ వేశారు. నేను నాలుగు చక్రాల నట్లూ బిగించి, టైర్లలో గాలి చూసి, బెల్టులు లాగి కట్టి, హెల్మెట్ మీద ఒక దెబ్బ వేసి, "వెళ్ళు" అన్నాను. అక్క నవ్వలేదు. పసుపు అట్ట గాలికి టపటపలాడుతూ వెళ్ళిపోయింది.

మూడు చుట్లు మిగిలి ఉండగా అక్క చిన్నోడి వెనక్కి వచ్చింది. ఇద్దరూ రన్‌వే మీద పడ్డారు. షెడ్డు మలుపు దగ్గరికొచ్చేసరికి నేను పలక కింద పెట్టేశాను. నా కళ్ళు అక్క వెనక లైట్ల మీదే ఉన్నాయి. వెలగలేదు. ఇంకా వెలగలేదు. వెలగాల్సిన చోటే వెలిగాయి, ఒక్క అడుగు ముందు కాదు. అక్క బండి లోపలి వైపుకి తిరిగి, శుభ్రంగా మలుపు తీసుకుంది. అక్క ఆగి ఇచ్చే చోటు ఈసారి లేకపోవడంతో చిన్నోడి బండి బయటి వైపుకి అడ్డంగా జారి, గడ్డి దాటి, పేర్చిన టైర్లలోకి పోయి పడింది. అప్పుడు ఊపారు పసుపు జెండా.

పంజరం గట్టిది, బెల్టులు గట్టివి. తలకేం కాలేదు, మెడకేం కాలేదు. స్టీరింగ్ గిర్రున తిరిగి ఎడమ మణికట్టు విరిగింది. వైద్య గదిలో క్లబ్బు డాక్టరు చూశాడు, కట్టు కట్టే పని నాకు అప్పజెప్పాడు. అక్క పోటీ పూర్తిచేసి హెల్మెట్ చేత్తో పట్టుకుని వచ్చేసరికి అత్తగారు ఏడుస్తోంది, బావ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. వెనకే తెల్లటోపీ వచ్చాడు, ప్రమాదం జరిగితే ఎలా జరిగిందో ఆయన రాసుకోవాలి.

"ఎలా అయ్యింది?" అన్నాడు.

చిన్నోడు నొప్పితో, ఉక్రోషంతో ఊగిపోతున్నాడు. మంచి చేత్తో అక్కని చూపించాడు. "ఆవిణ్ణి అడగండి సార్. నేను పోతున్నానని ఆవిడకి తెలుసు. నా తల చూస్తే చాలు, ఆవిడకి తెలిసిపోతుంది. పోయినేడు ఇదే మలుపులో నేను ఇలాగే పోతుంటే ఆగింది. ఈసారి కావాలనే ఆగలేదు, నేను సర్దుకోవడానికి చోటివ్వలేదు. సొంత మరిదినని కూడా చూడలేదు."

అత్తగారు ఏడుపు ఆపి కొడుకు వంక చూసింది.

"పోయినేడు ఇలాగే పోతుంటేనా?" అన్నాడు తెల్లటోపీ. "బండి నీ చేతిలోనే ఉందన్నావు. ఆవిడ కంగారు పడిందన్నావు."

చిన్నోడు వాళ్ళమ్మ వంక చూశాడు, వాళ్ళన్న వంక చూశాడు. ఈసారి బావ ఇద్దరూ మనవాళ్ళేనని అనలేదు. తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అది కూడా ఒక రకంగా తప్పించుకోవడమే, నేను మర్చిపోను.

తెల్లటోపీ జేబులోంచి అక్క కార్డు తీశాడు. మందుల బల్ల మీద పెట్టి ఆరో గడిలో సంతకం చేశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు, నేనాయన్ని టోపీ లేకుండా చూడ్డం అదే మొదటిసారి. "ఈ సంతకం పోయినేడే పెట్టి ఉండాల్సిందమ్మా. తప్పు నాది" అన్నాడు.

అక్కకి కోపం రావడం నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను. హెల్మెట్‌ని మందుల బల్ల మీద దబ్బున పెట్టింది. కార్డు తీసుకుంది గానీ దాని వంక చూడలేదు. నేను కడుతున్న కట్టు వంకే చూస్తోంది.

"పెట్టి ఉంటే, ఇవాళ కూడా ఆగేదాన్ని సార్" అంది.